అమ్మ రోడ్డున పడింది

జూన్ 3

అమ్మలూ,

ఇక్కడ నేను క్షేమం. "అందరం క్షేమం" అని రాయడం అలవాటు గానీ, ఇక్కడ ఇంకెవరూ లేరు. అక్కడ నువ్వూ అల్లుడుగారూ బాగున్నారని తలుస్తాను.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని అడుగుతావు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నా చెవుల్లో డాక్టర్లే ఉంటారు. వాళ్ళు రోగుల గురించి గొణిగినదంతా విని టైపు చేశాక ఇంకో మనిషి గొంతు వినడానికి చెవులు ఒప్పుకోవడం లేదు, అది కన్నకూతురి గొంతయినా సరే. పైగా ఫోనులో నాలుగు నిమిషాలు దాటితే మనకు పోట్లాటవుతోంది. ఉత్తరంలో ఒకరి మాటకు ఒకరు అడ్డు రాలేం. ఇది నాలా బళ్ళలోనే ఉండేవాళ్ళు ఆగే క్యాంపు. గేటు దగ్గర ఆఫీసుంది, అక్కడికి రాస్తే నాకు అందుతుంది.

బండి బాగుంది. ఇదివరకు రొట్టెలు మోసిన వ్యాను కదా, ఎండెక్కితే గోడల్లోంచి ఇప్పటికీ బన్ను వాసన వస్తుంది. మంచం సగానికి మడిస్తే బల్ల అవుతుంది, బల్ల మీద కంప్యూటరు పెడితే ఆఫీసు అవుతుంది. రికార్డింగు ఆపడానికి కాలితో నొక్కే పెడలు ఉంటుంది చూశావూ, దాన్ని గ్యాస్ సిలిండరు పక్కన పెట్టాను. మొదటి రోజు పెడలనుకుని సిలిండరును నొక్కాను. డాక్టరు ఆగలేదు.

గేటు మనిషి "నది కనిపించే చోటు ఇవ్వనా అమ్మా?" అన్నాడు. "టవరు కనిపించే చోటు ఇవ్వండి" అన్నాను. ఇరవై ఏళ్ళలో ఆ మాట అడిగింది నేనొక్కదాన్నేనట. సిగ్నలు లేకపోతే నా ఉద్యోగం లేదు, నది లేకపోయినా ఉంటుంది. చివరికి రెండూ కనిపించే ఏడో నంబరు స్థలం ఇచ్చాడు, చెరో వైపు కిటికీలోంచి.

నేను అలిగి రాలేదు. ఇది మూడోసారి చెప్పడం.

ఆఫీసు కాగితాల్లో నా చిరునామా ఇంకా మీ ఇల్లే. ఏదైనా కవరు వస్తే తీసి ఉంచు.

దీవెనలతో,
అమ్మ


జూన్ 12

అమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అలిగి రాలేదని అలిగినవాళ్ళే చెబుతారు.

బండి కాగితాల నకలు నా దగ్గర ఉంది. పొడవు ఐదు మీటర్ల నలభై, వెడల్పు రెండు. పన్నెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు కొలిచి అనుమతులిచ్చే ఆఫీసులో పనిచేస్తున్నాను, కాబట్టి చెబుతున్నాను. మా నిబంధనల ప్రకారం మనిషి పడుకునే గది తొమ్మిదిన్నర చదరపు మీటర్లకు తగ్గకూడదు. నీ ఇల్లు మొత్తం, స్టీరింగుతో కలిపి, పది పాయింటు ఎనిమిది. స్టీరింగు దగ్గర పడుకోలేవు కాబట్టి ఆ మేర తీసేస్తే నువ్వు చట్టవిరుద్ధం.

పిన్ని ఫోన్ చేసింది. "మీ అమ్మ రోడ్డున పడిందటగా?" అంది. ఏం చెప్పమంటావు? "అక్షరాలా అంతే పిన్నీ" అన్నాను. ఆవిడ ఏడ్చింది. తరువాత మిగతా బంధువులందరికీ ఫోన్లు చేసింది. ఇప్పుడు వాళ్ళందరి దృష్టిలో నేను కన్నతల్లిని గెంటేసిన దాన్ని.

ఇక్కడ నీకేం తక్కువైంది? నీ గది మూడు ఇరవై ఇంటూ రెండు తొంభై. తూర్పు కిటికీ. దుప్పటి కూడా ఇంకా మార్చలేదు.

నీకు ఆఫీసు నుంచి లావుపాటి కవరొకటి వచ్చింది. తీసి ఉంచమన్నావు కదా, తీశాను. తీయడమంటే చింపడం కాదని ఇప్పుడు అనకు. ఇంటి నుంచి పనిచేసే ప్రతి ఉద్యోగి గదినీ చూడడానికి మనిషిని పంపుతారట. జూలై పద్నాలుగు, పదకొండు గంటలకు. "ఉద్యోగి రోజూ కూర్చుని పనిచేయు గది" అని రాసుంది. నీ గది ఇక్కడుంది, నువ్వు అక్కడున్నావు. ఈ రెంటినీ ఒకే ఫారంలో ఎలా ఇరికిస్తావో నాకు తెలియాలి.

నీ కూతురు

(పెట్రోలు బంకుల దగ్గర బండి ఆపి పడుకోకు.)


జూన్ 21

అమ్మలూ,

మీ పిన్నికి చెప్పు. రోడ్డున ఉన్నమాట నిజమే గానీ పడలేదు. హ్యాండ్ బ్రేకు వేసుకుని ఉన్నాను.

ఆ తనిఖీ సంగతి నాకు తెలుసు. మాలాంటి ఒకావిడ స్పీకర్లు పెట్టుకుని టైపు చేస్తుంటే, గోడ అవతలివాళ్ళు తమ మేనమామ జబ్బేమిటో ఆయనకన్నా ముందు విన్నారట. అప్పటినుంచి అందరి గదులూ చూస్తున్నారు. తలుపుకు గడియ పడాలి, మాట బయటికి పోకూడదు, పని వేళల్లో పక్కన ఎవరూ ఉండకూడదు.

బండి సంగతి వాళ్ళకు చెప్పలేదు. ఫారంలో సొంత ఇల్లు, అద్దె ఇల్లు, బంధువుల ఇల్లు అని మూడే గళ్ళున్నాయి. నాలుగో గడి అడిగితే మనిషినే తీసేస్తారని భయం. డాక్టర్ల మాటలు ఇప్పుడు యంత్రాలే రాసేస్తున్నాయి. యంత్రానికి కూడా అర్థం కాకుండా గొణిగేవాళ్ళను మాత్రమే నాకు పంపుతారు. ఈ నలుగురైదుగురు గొణుగుడు డాక్టర్లే నా జీవనాధారం. వాళ్ళు నోరు బాగా తెరవకుండా ఉన్నంత కాలం నాకు పని. ఈ ఉద్యోగం పోతే యాభై ఎనిమిదేళ్ళ మనిషిని ఎవరూ పిలిచి పీట వెయ్యరు.

అందుకని, వచ్చిన మనిషికి ఆ గది చూపించి, అమ్మ ఇక్కడ పనిచేస్తుందని చెప్పు చాలు. అది పూర్తి అబద్ధం కాదు. ఎనిమిది నెలలు చేశాను కదా. "చేసింది" అనాల్సిన చోట "చేస్తుంది" అంటావు, అంతే.

గదిని అలాగే ఉంచానని రాశావు. దుప్పటి మార్చి మీకు కావలసినట్టు వాడుకోండి. ఖాళీగా ఉంచి, చూసినప్పుడల్లా నన్ను తిట్టుకోవడం ఎందుకు?

నీళ్ళ పంపు చెడింది. పక్క బండి పెద్దాయన వచ్చి బాగుచేశాడు. మంచి మనిషి. రోజూ పొద్దున్నే పలకరిస్తాడు.

గుండె డాక్టరు రికార్డింగులో ఏదో చప్పుడు వస్తోందని నిన్న మా సూపర్‌వైజరుకు ఫిర్యాదు చేశాను. హెడ్‌ఫోన్లు తీసినా వినిపించింది. కప్పలు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను.

అమ్మ


జూలై 2

అమ్మా,

పెద్దాయన ఎవరు? ఎంత పెద్ద?

నేను ఆ అబద్ధం చెప్పను. పోయిన నెలలోనే ముగ్గురి ప్లాన్లు తిప్పి పంపాను, కాగితంలో చూపించింది ఇంట్లో లేదని. ఒకాయన "మేడం, బాల్కనీ ఒక్కటే కదా" అని నా బల్ల ముందు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఇప్పుడు నా ఇంట్లో, కాగితంలో అమ్మ ఉంది, గదిలో లేదు. బాల్కనీ కన్నా పెద్ద తేడా.

మా ఆయన మాత్రం ఉత్సాహంగా ఉన్నారు. అత్తగారి ఉద్యోగం నిలబెట్టే భారం తన మీదే ఉన్నట్టు, కళ్ళజోళ్ళ షాపు మధ్యాహ్నం మూసేసి వచ్చి ఆ గది సర్దుతున్నారు. బల్ల మీద నీ పాత కళ్ళజోడు పెట్టారు. నమ్మకంగా ఉంటుందని దాని మీద వేలిముద్ర కూడా వేశారు. తన వేలిది.

నువ్వు రా. పద్నాలుగో తేదీన వచ్చి ఆ గదిలో కూర్చో. అప్పుడు నేను చెప్పేది కనీసం పదకొండు నుంచి పదకొండున్నర దాకా నిజమవుతుంది.

ఇంకొక మాట. ఇన్నాళ్ళూ అడగలేదు. నువ్వు వెళ్ళడానికి కారణం ఆ రోజు వంటింట్లో నేను ఆయనతో అన్న మాటేనా? నువ్వు వినకూడదనే మెల్లగా అన్నాను. నిన్ను ఉద్దేశించి కాదు. అలిసిపోయి ఉన్నాను. అంత చిన్న మాటకు మనిషి ఇల్లు వదిలి వెళ్ళిపోతుందని ఎవరికి తెలుసు?

జవాబు వెంటనే రాయి.

నీ కూతురు


జూలై 6

అమ్మలూ,

వస్తున్నాను. పదమూడు సాయంత్రానికి మీ వీధి చివర ఉంటాను. అల్లుడుగారిని ఆ వేలిముద్ర తుడిచెయ్యమను. నా చేతివేళ్ళు అంత లావు కాదు.

పెద్దాయనకు ఎనభై ఒకటి. ఆయన పంపు విప్పుతుంటే స్పానర్లు అందించింది ఆయన భార్య. నన్ను పలకరించమని ఆయన్ను పంపేదీ ఆవిడే, తనకు అప్పుడే నిద్ర లేచే అలవాటు లేక.

ఆ మాట సంగతి ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. ఉత్తరాల్లో కుదరదు.

అమ్మ


జూలై 14, సాయంత్రం

అమ్మా,

నువ్వు రాలేదు.

నిన్నటి నుంచి పదకొండుసార్లు ఫోన్ చేశాను. అందుబాటులో లేవట. ఎదురుగా మాట్లాడుకుందామని రాసి, ఎదురుపడాల్సిన రోజున ఫోను ఆపేశావు. ఆ మాట నీకు ఎంత లోతుగా తగిలిందో ఇప్పుడు అర్థమైంది.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఎందుకంటే నీకు ఆఫీసు నుంచి ఎలాగూ తెలుస్తుంది.

మీ ఆఫీసు అమ్మాయి సరిగ్గా పదకొండుకు వచ్చింది. ఇరవై అయిదేళ్ళుంటాయి, చేతిలో ట్యాబు. "అమ్మగారు లేరా?" అంది. ఈయన "స్నానానికి వెళ్ళారు" అన్నారు. వెంటనే బాత్రూములో కుళాయి తిప్పి వచ్చారు. తనిఖీ అయినంతసేపూ ఆ నీళ్ళు పోతూనే ఉన్నాయి.

నేను నోరు విప్పలేదు. ఏమీ చెప్పకపోతే అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అమ్మాయి గడియ వేసి చూసింది, గోడ తట్టింది, కిటికీ చూసింది. అన్ని గళ్ళలోనూ టిక్కులు పడ్డాయి. అయిపోయింది అమ్మా. గుమ్మం దాకా వెళ్ళింది. చెప్పులు వేసుకుంటూ, "మీ అమ్మగారు అదృష్టవంతులండీ. ఇలాంటి గది, ఇలా చూసుకునే కూతురు ఎంతమందికి ఉంటారు?" అంది.

ఆ మాట నాకు మింగుడు పడలేదు.

"ఆవిడ ఇక్కడ ఉండదు" అన్నాను. "రెండు నెలల క్రితం వెళ్ళిపోయింది. వ్యానులో ఉంటుంది. అక్కడి నుంచే పనిచేస్తుంది."

ఈయన వెళ్ళి కుళాయి కట్టేశారు.

అమ్మాయి చెప్పులు విప్పి మళ్ళీ లోపలికొచ్చింది. టిక్కులన్నీ ఒక్కొక్కటిగా తీసేసింది. తరువాత అడిగింది: "ఆ వ్యానుకు లోపల గడియ ఉందా అండీ?" తెలియదన్నాను. "మాట బయటికి వినిపిస్తుందా?" తెలియదన్నాను. "మీరు లోపల చూడలేదా?" లేదన్నాను. నువ్వు వెళ్ళే రోజు బండి వీధిలో ఆపి పిలిచావు, నేను కిందికి దిగలేదు కదా. ఆ అమ్మాయి అది రాసుకోలేదు. ఏదైనా రాసుకుని ఉంటే బాగుండేది.

నీ కొలతలు నా దగ్గర సెంటీమీటరుతో సహా ఉన్నాయి. లోపల ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలియదు.

నన్ను తిట్టు. కానీ ఫోను తియ్యి.

నీ కూతురు


జూలై 20

అమ్మలూ,

పన్నెండో తేదీన నదికి వరద వచ్చింది. వంతెన మూసేశారు. అదే గాలివానకు టవరుకు కరెంటు పోయి ఏడు రోజులు రాలేదు. నేను ఫోను ఆపలేదు, ఫోనే ఆగిపోయింది. ఏడో నంబరు నుంచి బళ్ళన్నీ గట్టు మీదికి ఎక్కించాం. నీళ్ళు తగ్గాక గేటు మనిషి నీ ఉత్తరమూ, ఆఫీసు ఉత్తరమూ కలిపి ఇచ్చాడు. ముందు నీదే చదివాను. అందువల్ల ఆఫీసువాళ్ళది చదవడానికి పెద్ద కష్టం అనిపించలేదు.

ఆగస్టు పదిహేను దాకా పని ఆపేశారు. ఆలోగా నేను నిజంగా పనిచేసే చోటును పరీక్ష చేయించి ఫారం పంపాలట, లేకపోతే ఇక పంపనక్కర్లేదట.

నిజం చెప్పినందుకు కూతుర్ని తిట్టడం న్యాయం కాదు. అందుకని తిట్టకుండానే కోపంగా ఉన్నాను. మూడు రోజులుగా గిన్నెలు తోముతున్నాను. నాకున్నవి నాలుగే గిన్నెలు.

ఇప్పుడు వంటింటి మాట. అదేమిటో నాకు తెలియదు. ఆ వేళప్పుడు నా చెవుల్లో డాక్టరున్నాడు. నీ ఉత్తరం చూసి, ఏదో అన్నావు కాబోలు, వచ్చినప్పుడు అడిగి తెలుసుకుందాం అనుకున్నాను. నిన్న టవరు పనిచెయ్యగానే అల్లుడుగారికి ఫోన్ చేసి అడిగాను. చెప్పడానికి చాలాసేపు నీళ్ళు నమిలారు. "ఈ ఇంట్లో నాకంటూ ఒక మూల లేకుండా పోయింది" అన్నావట.

అంతేనా? నీ ఇంట్లో ఎనిమిది నెలలూ నేను అనుకున్నదీ అదే మాట. నువ్వు పైకి అన్నావు, నేను బండి కొన్నాను.

మీరు నన్ను బాగా చూసుకోలేదని కాదు. మరీ బాగా చూసుకున్నారు. నేను కుర్చీలోంచి లేస్తే ఏం కావాలని ఇద్దరూ లేచేవాళ్ళు. పుట్టింట్లో అందరితో ఒకే గది. పెళ్ళయ్యాక మీ నాన్నకు ఎక్కడ ఉద్యోగమైతే అక్కడి క్వార్టరు. ఆయన పోయాక నువ్వు చూపించిన గది. ఏ కిటికీ దగ్గర కూర్చుంటావని నన్నెవరూ అడగలేదు, నేనూ అడిగించుకోలేదు. ఇక్కడ సోమవారం సోమవారం నేనే బండిని తిప్పి కిటికీ మార్చుకుంటాను. మా గుండె డాక్టరు ప్రతి రోగి జబ్బుల వరసలో "ఒంటరిగా నివసిస్తున్నారు" అని కూడా చెబుతాడు, రక్తపోటు చెప్పినట్టే. నేను టైపు చేస్తాను. చేస్తూ, అందరికీ అది జబ్బే అయి ఉండదు డాక్టరుగారూ అనుకుంటాను.

సరే, పని మాట. మా ఆఫీసువాళ్ళు ఇంత దూరం రారట. అర్హత ఉన్న తనిఖీ అధికారి ఎవరైనా చూసి సంతకం చేస్తే చాలన్నారు. ఈ చుట్టుపక్కల ఎవరూ లేరు. నాకు తెలిసినావిడ ఒకతె ఉంది గానీ, చాలా కచ్చితమైన మనిషి. అడగడానికి భయంగా ఉంది.

అమ్మ


జూలై 24

అమ్మా,

శనివారం పదింటికి వస్తున్నాను. ఇది తనిఖీ. మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోను. బండిలో ఏదీ సర్దవద్దు.

నీ కూతురు


ఆగస్టు 2

అమ్మా,

ఫారం నకలు జతచేశాను. అసలుది మీ ఆఫీసుకు పంపాను. "పరీక్షించిన అధికారికి ఉద్యోగితో బంధుత్వం" అన్న చోట "కూతురు" అని రాశాను. అది చూసి చెల్లదంటే నేనేమీ చెయ్యలేను.

ఏది ఎలా ఉందో అలాగే రాశాను. పైకప్పు ఎత్తు ఒకటి ఎనభై ఆరు, గుమ్మానికి తల మూడుసార్లు తగిలింది. మా నిబంధనల ప్రకారం గది కాదు. ఆ మాట కూడా రాసి, ఇది భవనమే కాదు కాబట్టి ఆ నిబంధనలు దీనికి వర్తించవని కింద రాశాను. అక్కడికి రాకముందు నిబంధనల పుస్తకం రెండు రోజులు తిరగేస్తే గానీ ఆ వాక్యం దొరకలేదు. వాక్యం ఉంది, నేను పుట్టించలేదు.

గడియ: ఉంది, పడుతుంది. శబ్దం: నువ్వు లోపల పాత రిపోర్టు గట్టిగా చదువుతుంటే నేను బండి చుట్టూ ఆరుసార్లు తిరిగాను. పై కిటికీ తెరిచినప్పుడు "మూత్రపిండం" అన్న మాట స్పష్టంగా వినిపించింది. మూసినప్పుడు లేదు. కాబట్టి పని వేళల్లో పై కిటికీ మూసి ఉంచాలి, లోపల మరెవ్వరూ ఉండరాదు అని షరతులు రాశాను. ప్రమాదం వస్తే బయటపడడానికి నీకు సగటున తొమ్మిది సెకన్లు. రెండోసారి నువ్వు కావాలనే నెమ్మదిగా దిగావు. అది లెక్కలోకి తీసుకోలేదు.

నేను టేపు పట్టుకుని టైర్ల మధ్య దూరి ఉండగా పెద్దాయన భార్య వచ్చి "ఎవరామె?" అని అడిగింది, నువ్వు "ఇన్‌స్పెక్టరు" అన్నావు. విన్నాను. ఆ సమయానికి అదే సరైన జవాబు.

ఫారంలో రాయనివి ఇక్కడ రాస్తున్నాను. సంతకం చేశాక నాకెందుకో కళ్ళు మూతలు పడ్డాయి. నీ మంచం మీద, అంటే నీ ఆఫీసు మీద, రెండు గంటలు పడుకున్నాను. పగటిపూట నేను పడుకుని ఎన్నేళ్ళయిందో. నువ్వు బయట కూర్చున్నావు. లోపలికి తొంగిచూడలేదు, ఏం కావాలని అడగలేదు. లేచి చూస్తే కిటికీ నిండా నది.

గదిలో నేల ఎంత ఉంటే కిటికీ దానిలో ఎనిమిదో వంతు ఉండాలి. పన్నెండేళ్ళుగా ఆ లెక్క చూస్తున్నాను. అందులోంచి ఏం కనిపిస్తుందో రాయడానికి మా ఫారంలో గడి లేదు. ఉండాలని నాకెప్పుడూ తోచలేదు.

నీ గదిలో దుప్పటి మార్చాను. బల్ల నేను తీసుకున్నాను. ఆఫీసు నుంచి రాగానే తలుపు వేసుకుని అరగంట అక్కడ కూర్చుంటున్నాను. ఏమీ చెయ్యను. మొదటి రోజు ఆయన తలుపు కొట్టి ఒంట్లో బాగాలేదా అని అడిగారు. ఇప్పుడు అడగడం లేదు.

నీ కూతురు


ఆగస్టు 19

అమ్మలూ,

ఉద్యోగం నిలబడింది. సోమవారం నుంచి మళ్ళీ నా చెవుల్లో డాక్టర్లు. నెల రోజులు నేను లేకపోయేసరికి గుండె డాక్టరు రిపోర్టులు యంత్రానికి ఇచ్చారట. ఒకాయనకు గుండె లేదని వచ్చిందట.

బంధుత్వం గడి చూసి పైవాళ్ళు అభ్యంతరం పెట్టారని మా సూపర్‌వైజరు చెప్పింది. అప్పుడు మీ ఇంటికి వచ్చిన ఆ అమ్మాయే లేచి, "సార్, కన్నతల్లి ఉద్యోగం పోతుందని తెలిసి కూడా నా ముందు నిజం చెప్పిన మనిషి ఈవిడ. ఈ సంతకం చెల్లకపోతే ఇంకెవరిదీ చెల్లదు" అందట. ఆ సంతకమే ఒప్పుకున్నారట. ఫారంలో నాలుగో గడి కూడా చేర్చారు. "ఇతరములు." నాతో పాటు ఇంకో ఇద్దరు ఆ గడిలో చేరారట. వాళ్ళెవరో, ఎక్కడ ఉంటున్నారో నాకు తెలియదు.

కోపం పోయింది. ఎప్పుడు పోయిందో గమనించలేదు. నువ్వు నా మంచం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నప్పుడు అనుకుంటాను.

బల్ల తీసుకున్నావని రాశావు. మంచి పని చేశావు. అరగంట చాలదు, గంట కూర్చో.

వచ్చే నెల ఇక్కడ ఉండను. ఎత్తు మీద, పైన్ చెట్ల మధ్య ఒక చోటుంది, టవరు దగ్గరే. దారి వెనక పేజీలో గీశాను. రోడ్డు చీలిన చోట ఎడమకు తిరుగు. గేటు దగ్గర నా పేరు చెబితే ఎవరికీ తెలియదు, చెవుల్లో వైర్లు పెట్టుకునే ఆవిడ అను. శుక్రవారం సెలవు పెట్టుకుంటే రెండు రోజులు ఉండవచ్చు. అల్లుడుగారికి మంచం చాలదు. ఆయన్ను ఇంకోసారి తీసుకురా.

మూడింటికే చేరుకుంటే తలుపు కొట్టకు. తీయను. పని వేళల్లో లోపల మరెవ్వరూ ఉండరాదని నువ్వే రాశావు, నీ సంతకం కిందే ఉంది. అంతసేపూ బయట చెట్ల కింద ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చో.

నాలుగింటికి తలుపు తీస్తాను.

అమ్మ